నలభై ఒకటో టేపు

జూన్ 10, మంగళవారం

అల్లుడుగారు పొద్దున్నే మూడు అట్టపెట్టెలు దింపించి వెళ్ళారు. మొత్తం అరవై నాలుగు క్యాసెట్లు. ప్రతిదాని మీదా నీలం సిరాతో నంబరు, తేదీ. చర్చిలో ప్రసంగాలు రికార్డు చేసిన టేపుల మామయ్య చేతిరాత. ఆయన పోయి పదేళ్ళయినా, ఆ రాత చూడగానే రికార్డర్ మీదికి వంగిన ఆయన బట్టతల కళ్ళముందు కనిపించింది.

సెప్టెంబరుకి మా చర్చి పాత పాస్టరు పెద్దయ్యగారు పుట్టి వందేళ్ళు. ఆలోపు ఆయన ప్రసంగాలు పుస్తకంగా రావాలట. రిటైరై ఖాళీగా ఉన్న స్టెనోగ్రాఫర్ని సంఘంలో నేనొక్కదాన్నే కాబట్టి నా నెత్తిన పడింది. పడిందని రాశాను గానీ, వద్దనలేదు.

ఎన్నిక గురించి చెప్పినవి ముందు టైపు చెయ్యమన్నారు. రక్షణ పొందేవాళ్ళని దేవుడు లోకం పుట్టకముందే ఎంచుకున్నాడనీ, అందులో మన ఇష్టాయిష్టాలకి పని లేదనీ పెద్దయ్యగారు నలభై ఏళ్ళు చెప్పారు. ఎన్ని ఊళ్ళ వాళ్ళు బళ్ళు కట్టించుకుని వచ్చి విన్నారో. ఇప్పుడు కొన్ని బాప్టిస్టు సంఘాల వాళ్ళు, ఆయన చివర్లో మెత్తబడ్డారు, అందరినీ రమ్మని పిలిచారు అంటున్నారట. వాళ్ళ నోళ్ళు మూయించడానికే ఈ పుస్తకం. పెట్టెలు దింపించిన ఈయనకి పెద్దయ్యగారు కూతుర్నిచ్చారు కాబట్టి సంఘమంతటికీ ఈయన అల్లుడుగారే. పాస్టరై పదకొండేళ్ళయినా పాస్టరుగారని పిలిచినవాళ్ళు లేరు, పాపం.

అమ్మ గుమ్మంలో నిలబడి పెట్టెలు చూసింది. ఏమిటవి అంటే చెప్పాను. సరిగ్గా వినపడలేదేమో, మళ్ళీ గట్టిగా చెప్పాను. "వినపడింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అమ్మ పెద్దయ్యగారి ఊసెత్తదు. ఆదివారాలు చర్చికి వస్తుంది, పాడుతుంది. నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల అని రొట్టె పళ్ళెం చేతులు మారే రోజున మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. తమ్ముణ్ణి బాప్తిస్మానికి ఆయన ఒప్పుకోలేదని కోపం. చచ్చిపోయినవాళ్ళ మీద కూడా అంత కోపం ఏమిటో.

జూన్ 12

నాలుగు టేపులయ్యాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆయన చెవిలోనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. కాలితో పెడల్ తొక్కితే మొదలెడతారు, వదిలితే ఆగుతారు. బతికున్నప్పుడు ఆయన్ని ఆపినవాళ్ళు లేరు.

లాయరుగారి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేశాను. ఆయన దగ్గితే దగ్గు అని కూడా కొట్టేదాన్ని. నా దగ్గు కూడా సాక్ష్యమేనా అని ఏడిపించేవారు. ఒక్క మాట వదిలినా నాకు అన్నం సయించదు.

జూన్ 17

పదమూడో టేపులో ఒకచోట ఉలిక్కిపడ్డాను. "ప్రియులారా" అనేటప్పుడు పెద్దయ్యగారు మొదటి అక్షరాన్ని కాస్త ముక్కుతో లాగుతారు. మా తమ్ముడు చిట్టిగాడు సరిగ్గా అలాగే లాగేవాడు. మోటార్లు చుట్టే షాపులో పనయ్యాక ఫ్రెండ్స్‌ని అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం ప్రసంగం చేసేవాడు, దగ్గుతో సహా. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. లోపల అమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఇప్పుడు వింటుంటే ఎవరు ఎవర్ని అనుకరిస్తున్నారో తెలియడం లేదు. పెడల్ మీంచి కాలు తీసి ముందు గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

జూన్ 24, మంగళవారం

ఇరవై మూడో టేపు. "దేవుడు ఎంచుకున్నవాణ్ణి ఏ మనిషీ ఆపలేడు. దారికి అడ్డంగా కొండ పడినా వాడు వచ్చి తీరతాడు." రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. అంటే చిట్టిగాడు ఆగిపోయాడంటే ఎవరూ ఆపినట్టు కాదు. ఎంపిక కాలేదు, అంతే. ఈ లెక్క నేను ఇదివరకు కూడా చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది. సరిగ్గా వచ్చిన ప్రతిసారీ వాడు ఎక్కడున్నాడన్న ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది.

ఆ రోజు బాగా గుర్తుంది. బాప్తిస్మం కావాలన్నవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. సభ్యుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆరు నెలలు ఆగాలి. అది పెద్దయ్యగారు పెట్టిన నియమమే. తొట్టిలో అబద్ధాన్ని ముంచితే తడిసిన అబద్ధమే పైకి వస్తుంది అనేవారు. చిట్టిగాడు నీలం చొక్కా వేసుకున్నాడు. అమ్మ కాలు విరిగి ఇంట్లో ఉంది. పెద్దయ్యగారు ఏవో అడిగారు, వీడేదో చెప్పాడు, ఆయన ఆగమన్నారు. ఇంటికొచ్చి అమ్మకి అదే చెప్పాను. ఆరు వారాలకి షాపులో కరెంటు కొట్టి పోయాడు.

ఆ రోజు నేను నోరు మెదపలేదు. వెనక వరసలో కూర్చున్నాను.

జూన్ 25

నేను నోరు మెదపలేదు.

జూలై 1

నలభై అయింది. నలభై ఒకటి తీసి తేదీ చూశాను. నలభై రెండు పెట్టాను.

జూలై 6, ఆదివారం

బల్ల ఉన్న రోజు. అమ్మ ఎప్పటిలాగే ఇస్త్రీ చీర తీసి మంచం మీద పెట్టి, మళ్ళీ మడిచి లోపల పెట్టేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే. కట్టుకోని చీర ప్రతినెలా బయటికెందుకు తీస్తావమ్మా అని ఎప్పుడూ అడగలేదు. నేను వెళ్ళి రొట్టె తీసుకుని వచ్చాను. నా మనసులో ఎవరి మీదా ఏమీ లేదు.

జూలై 9, బుధవారం

అల్లుడుగారు వచ్చి టైపు చేసిన కాగితాలు తిరగేశారు. అరవై ఒకటో టేపు దగ్గర మొహం గంటు పెట్టుకున్నారు. పెద్దయ్యగారు పోవడానికి రెండేళ్ళ ముందు చెప్పింది అది. ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి ఆయన గొంతు మారి, "కాళ్ళు కడుక్కునే పని లేదు, జేబులు వెతుక్కునే పని లేదు, పిలుపు వచ్చిందా అని అడిగే పని లేదు, ఉన్నపళంగా రండి" అంటారు. తర్వాత పదకొండు సెకన్లు ఏమీ ఉండదు. నేను (నిశ్శబ్దం) అని కొట్టాను. బయటి సంఘాల వాళ్ళు పట్టుకుని ఊగుతున్నది ఈ మాటనే. దీన్ని గోడల మీద కూడా రాయించారట. ఎన్నిక గురించి నలభై ఏళ్ళు చెప్పిన మనిషి, పిలుపు వచ్చిందా అని అడగక్కర్లేదంటే ఇక మిగిలిందేముందని వాళ్ళ వాదన.

వయసు మీద పడి నోరు జారిన మాట, తీసెయ్యండి అన్నారు అల్లుడుగారు. లాయరుగారి ఆఫీసులో దీన్ని దిద్దుబాటు అనరండీ, ఫోర్జరీ అంటారు అన్నాను. ఆయన నవ్వలేదు. మీరు కూడా మెత్తబడుతున్నారా అన్నారు. మెత్తబడడం నా ఒంట్లో లేదు, టేపులో ఉన్నది కాగితం మీద ఉండాలి, ఒక్క మాట వదలను అన్నాను.

అప్పుడు అడిగారు, నలభై ఒకటి ఏదని. శబ్దం బాగాలేదన్నాను. వెంటనే వచ్చేసింది నోట్లోంచి, ఎప్పట్నుంచో అక్కడే సిద్ధంగా ఉన్నట్టు. పోనీలెండి, అది ప్రసంగం కాదు, సభ్యుల కూటం, పుస్తకంలోకి రాదన్నారు.

రాదట. అయితే వినక్కర్లేదు.

జూలై 11

నేను నోరు మెదపలేదు. మెదిపినా ఏమవుతుంది. ఎంచుకున్నవాణ్ణి ఏ మనిషీ ఆపలేడు.

జూలై 14

హెడ్‌ఫోన్ తీసేశాక కూడా ఆయన వినిపిస్తున్నారు. గిన్నెలు తోముతుంటే వెనకనుంచి దగ్గు. అమ్మేమో అనుకుని తిరిగాను. అమ్మ బయట బట్టలు ఆరేస్తోంది.

జూలై 18, శుక్రవారం

విన్నాను. విన్నది విన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

పెద్దయ్యగారు: దేవుడు నిన్ను ఎంచుకున్నాడని నీకెలా తెలుసు?

తమ్ముడు: (దగ్గు) తెలీదండి. (నవ్వులు) ఆయనకి నేను కావాలో అక్కర్లేదో నాకు తెలీదు. నాకైతే ఆయన కావాలి.

(ఎవరో "ఆమేన్" అన్నారు)

పెద్దయ్యగారు: సంఘంలో ఎవరికైనా అభ్యంతరం ఉందా?

(బెంచీ చప్పుడు)

స్త్రీ గొంతు: ఉందండి.

స్త్రీ గొంతు అని కొట్టాను. ఎవరో తెలియనప్పుడు అలా కొట్టాలి. తర్వాత వేళ్ళు కదల్లేదు. అది ముందు వరసలోంచి వస్తున్న గొంతు, గట్టిగా, తొణక్కుండా. లాయరుగారికి డిక్టేషన్ తిరిగి చదివి వినిపించే గొంతు.

నేను: ఇంట్లో ఒక్కరోజు మోకాళ్ళ మీద ఉండగా చూడలేదండి. మీ ప్రసంగాన్ని ఫ్రెండ్స్ ముందు వెక్కిరించి నవ్విస్తాడు. ఇది నిజమైన మార్పని నాకు నమ్మకం లేదు.

పెద్దయ్యగారు: ఇంకోసారి ఆలోచించమ్మా.

నేను: ఆలోచించే చెబుతున్నానండి.

పెద్దయ్యగారు: తమ్ముడు కదా. ఇంటికెళ్ళి మాట్లాడుకుని, రేపు చెబుతావా?

నేను: నియమం అందరికీ ఒకటే కదండి.

(చాలాసేపు నిశ్శబ్దం)

పెద్దయ్యగారు: అవును. ఒకటే. అయితే ఆగుదాం.

ఆయన ఆపలేదు. నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. ఆయన నియమాన్నే ఆయన మెడకి చుట్టాను. ఆ తర్వాత ఇంటికెళ్ళి, పెద్దయ్యగారు వద్దన్నారు అని అమ్మకి చెప్పాను. ఆ నింద ఆయన పోయేదాకా మోశారు. ఒక్కసారి కూడా నా వైపు అదోలా చూడలేదు. ఆదివారం ఆదివారం నాకు చెయ్యి కలిపి, అమ్మ ఎలా ఉందమ్మా అని అడిగేవారు.

టేపు అక్కడితో అయిపోలేదు. జనం వెళ్ళిపోతున్న చప్పుడు. మామయ్య ఆపడం మర్చిపోయినట్టున్నారు. తర్వాత ఇద్దరే.

పెద్దయ్యగారు: నా గొంతు బాగా చేస్తావటగా. ఏదీ, చెయ్యి.

తమ్ముడు: వద్దులెండి.

పెద్దయ్యగారు: చెయ్యరా. ఎలాగూ ఆరు నెలలు ఆపాను. ఇక భయమెందుకు?

తమ్ముడు: ప్రియులారా. కాళ్ళు కడుక్కునే పని లేదు, జేబులు వెతుక్కునే పని లేదు, పిలుపు వచ్చిందా అని అడిగే పని లేదు, ఉన్నపళంగా రండి.

(పెద్దయ్యగారి నవ్వు)

పెద్దయ్యగారు: నేనెప్పుడన్నాను రా ఆ మాట?

తమ్ముడు: మీరనలేదండి. అంటే బాగుంటుందని.

టక్కుమని అక్కడ ఆగిపోయింది.

అరవై నాలుగు టేపుల్లో పెద్దయ్యగారు నవ్వింది ఇక్కడొక్కచోటే. సంఘాలు రెండుగా చీలి కొట్టుకుంటున్న ఆ మాట మా చిట్టిగాడిది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, బాప్తిస్మం దక్కలేదని ఇంటికెళ్తూ సరదాకి అన్నది. ఆయన దాన్ని దాదాపు ఇరవై ఏళ్ళు లోపల దాచుకుని, పోయేముందు ప్రసంగ వేదిక మీద నిలబడి వాడి గొంతుతో అన్నారు. పదకొండు సెకన్లు ఎందుకు ఆగారో ఇప్పుడు తెలిసింది.

జూలై 19

ఎందుకు లేచాను.

నిజం రాస్తాను, చూసేవాళ్ళెవరూ లేరు. నన్ను రెండుసార్లు ఆపారు. ఏడాదిపాటు రోజూ మోకాళ్ళు కాయలు కాసేలా ప్రార్థన చేసి, మూడోసారి ఏడ్చుకుంటూ సాక్ష్యం చెబితే ఒప్పుకున్నారు. వీడు నవ్వించి, తెలీదండి అనేసి, మొదటిసారే లోపలికి నడిచి వెళ్ళిపోతున్నాడు. నేను వాడి ఆత్మ కోసమే లేచానని అప్పుడు అనుకున్నాను. అసూయతో లేచాను.

జూలై 20, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను. అమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చింది.

జూలై 23, బుధవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. ఏమిటే ఇది అంది. "చిట్టిగాడు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక మెషిన్ వేశాను.

నాకేమీ వినపడదు. కౌంటర్ మీద అంకెలు తిరుగుతుంటాయి, అంతే. ఏ అంకె దగ్గర ఏ మాటో కంఠతా వచ్చేసింది. 112 దగ్గర వాడు దగ్గుతాడు. అమ్మ చప్పున తలెత్తి గుమ్మం వైపు చూసింది. 118, నాకైతే ఆయన కావాలి. కళ్ళు మూసుకుంది. 125 దగ్గర నేను లేస్తాను. అమ్మ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఏమీ కదల్లేదు. 140 అయింది, 150 అయింది. ఏమీ లేదు. 198, వాడు ప్రియులారా అనే చోట మాత్రం నవ్వింది. కొంగు నోట్లో పెట్టుకుని, అరుగు మీద వాడి మాటలు లోపలినుంచి విన్నట్టుగా.

వేలు గాలిలో తిప్పింది, వెనక్కి తిప్పమని. నాలుగుసార్లు వింది.

ఐదోసారి నేను ఆపేశాను. హెడ్‌ఫోన్ తీసి, వినపడే చెవి దగ్గర, "అమ్మా, లేచింది నేను. పెద్దయ్యగారు వద్దనలేదు. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు."

ఎలా అని అడిగాను.

వాడే చెప్పాడట, ఆ సాయంత్రమే. అక్క చెప్పింది నిజమే కదమ్మా, నేనెక్కడ ప్రార్థన చేస్తున్నాను, వచ్చేసారి వెళ్తాలే అన్నాడట. నవ్వుతూనే అన్నాడట.

మరి పెద్దయ్యగారి మీద కోపమెందుకు అని అడిగాను.

"ఆయన మీద నాకెందుకే కోపం? వాడు పోయిన మర్నాడు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన మనిషి."

మరి బల్లకెందుకు రావని అడగాలి. అమ్మే చెప్పింది.

"నీ మీద మనసులో అంత పెట్టుకుని ఆ పళ్ళెంలో చెయ్యి ఎలా పెట్టను? అలా తీసుకోకూడదని ఆయనే చెప్పేవారుగా. ఈ నెల పోతుంది, వచ్చే నెల పోతుందనుకుంటూ చీర తీసేదాన్ని. పోలేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు. అందులో ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున లేచి నాకు డబ్బా కట్టింది. జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది. ఈ రెండు గదుల్లో ఆ కోపం నాతోపాటే తిరిగింది, నాకు అన్నం పెట్టింది, నేను చూడలేదు. ఒక్కమాట అడిగి ఉండొచ్చు కదమ్మా అన్నాను.

"నువ్వు చెబుతావని చూశాను" అంది.

వాడు ఎక్కడున్నాడమ్మా అని అడిగాను. యాభై ఐదేళ్ళదాన్ని, చిన్నపిల్లలా అడిగాను. అమ్మ హెడ్‌ఫోన్ మళ్ళీ పెట్టుకుంటూ, నాకు తెలీదు, ఆయనకి తెలుసు, అంది. ఆయన అంటే దేవుడో పెద్దయ్యగారో అడగలేదు.

జూలై 24

అమ్మ పొద్దుట్నుంచీ మాట్లాడలేదు. కోపం కాదు. హెడ్‌ఫోన్ తియ్యడం లేదు.

జూలై 29

అల్లుడుగారికి కాగితాలిచ్చాను. అరవై ఒకటో టేపులో ఆ మాట అలాగే ఉంచాను, నిశ్శబ్దంతో సహా. తీసేస్తే పుస్తకంలో నా పేరు వెయ్యొద్దన్నాను. అసలు మీ పేరు వెయ్యడం లేదు కదండీ అన్నారు. అదీ నిజమే. ఆ మాట ఎక్కడిదో చెప్పలేదు. నలభై ఒకటి వెనక్కి ఇవ్వలేదు. శబ్దం బాగాలేదన్నాను కదా.

ఆగస్టు 3, ఆదివారం

అమ్మ చీర బయటికి తీసింది. మడిచి లోపల పెడుతుందని చూస్తూ నిలబడ్డాను. కట్టుకుంది. కుచ్చిళ్ళు పట్టుకోవే అంది.

చర్చిలో అమ్మ ముందు వరస వద్దంది, వెనక కూర్చున్నాం. టేపుల మామయ్య రికార్డర్ ఉండే మూల ఇప్పుడు చెప్పుల స్టాండు ఉంది. అల్లుడుగారు అమ్మని చూసి ఒక్క క్షణం తడబడి, మళ్ళీ చదవడం మొదలుపెట్టారు.

పళ్ళెం మా వరసకి వచ్చింది. అమ్మ ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే కళ్ళు మూసుకుని ఉండిపోయింది. తర్వాత పళ్ళెం నా చేతిలో పెట్టింది.

స్టీలు పళ్ళెం, చల్లగా ఉంది. ఇన్నేళ్ళూ నెలనెలా ఎంత తేలిగ్గా తీసుకున్నాను. నా మనసులో ఎవరి మీదా ఏమీ లేదనుకుంటూ, పక్కన అమ్మ చోటు ఖాళీగా పెట్టుకుని తీసుకున్నాను. ఇప్పుడు అమ్మ వదిలింది. నేనే నన్ను వదల్లేకపోతున్నాను. ముందు వరసలో బెంచీ కిర్రుమంటే, అక్కడ ఎవరో లేచి, ఉందండి అంటారని చూశాను. ఎవరూ లేవలేదు.

"తీసుకో" అంది అమ్మ, మెల్లగా.

నేను పక్కావిడకి అందించాను.

అమ్మ పాట అయ్యేదాకా నా వైపు చూడలేదు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకుంటూ దిగింది. కింది మెట్టు మీద నిలబడి చెప్పింది.

"నాలాగా ముప్ఫై ఏళ్ళు చెయ్యకు. అప్పటిదాకా నేనుండను."

ఇంటికొచ్చాక చీర మడిచి లోపల పెట్టబోతే, వద్దు, బయటే ఉంచు అంది. మంచం మీద ఉంచాను.